రాకాసి గుళ్లు: పేరు తెలియని పెద్దల సమాధులు

తెలంగాణ పల్లెల్లో పొలాల నడుమ గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద బండరాళ్లు కనబడతాయి. జనం వాటిని రాకాసి గుళ్లు అంటారు. అంతటి రాళ్లను మనుషులు కదపలేరు, రాక్షసులే పేర్చి ఉంటారని పాత నమ్మకం. నిజానికి అవి సమాధులు. చాలావరకు ఇనుము వాడకం మొదలైన కాలానివి, అంటే రమారమి రెండు మూడు వేల ఏళ్ల నాటివి. పిల్లలకు ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులుగా మేము తెలుసుకున్న కొన్ని విషయాలు మీ ముందుంచుతున్నాము.

సమాధిని ఎలా కట్టారు?

ముందు గొయ్యి తవ్వి, నాలుగు వైపులా రాతి పలకలు నిలబెట్టి పెట్టెలా చేసేవారు. అందులో ఎముకలు, నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, బాణపు మొనలు, పూసలు ఉంచేవారు. పైన మరో పెద్ద పలక కప్పి, రాళ్లు కుప్పగా పోసి, చుట్టూ గుండ్లతో వలయం కట్టేవారు. కొన్నింటిలో ఒక పలకకు గుండ్రని రంధ్రం ఉంటుంది. ఒకే సమాధిలో ఒకరికంటే ఎక్కువమంది ఎముకలు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. టన్నుల బరువున్న పలకను తరలించడం ఒక ఇంటివారి వల్ల కాదు. ఊరంతా చేయి కలపాలి.

మన నగరంలో

ఇందుకోసం దూరం పోనక్కరలేదు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి, గులాం యజ్దానీ గారికి బాధ్యత అప్పగించింది. ఆ శాఖ హయాంలోనే మౌలాలి, హష్మత్‌పేటలలో ఇటువంటి సమాధులను తవ్వి చూశారు. హష్మత్‌పేట స్థలం రక్షిత ప్రదేశమే అయినా నేడు చుట్టూ ఇళ్లు కమ్ముకున్నాయి.

ముడుమాల్ నిలువురాళ్లు

నారాయణపేట జిల్లాలో కృష్ణా నది ఒడ్డున ముడుమాల్ ఉంది. అక్కడ పది నుండి పద్నాలుగు అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు ఎనభై వరకు ఉన్నాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు రోజుల్లో సూర్యుడు కొన్ని రాళ్ల వరుసకు సూటిగా వస్తాడని, ఒక బండపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు గారు పరిశోధించి చెప్పారు. 2025లో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

తేలని ప్రశ్నలు

సమాధులు వేలల్లో ఉన్నా, వాటిని కట్టినవారు నివసించిన ఊళ్లు చాలా తక్కువగా బయటపడ్డాయి. వారు ఏ భాష మాట్లాడారు? పలకకు ఆ రంధ్రం ఎందుకు పెట్టారు? ఇవి నేటికీ చిక్కుముళ్లే. ఒక వలయాన్ని క్వారీ కోసమో ప్లాట్ల కోసమో చదును చేస్తే, దానితోపాటు జవాబూ పోతుంది.

మన బాధ్యత

ఖబరస్తాన్ గోడ కూలితే చందా వేసుకుని కట్టించే జనం మనం. సమాధిపై నడవకూడదని చిన్ననాడే నేర్చుకున్నాం. పేరు చెప్పుకునే వారసులు మిగలని ఈ సమాధులకూ ఆ మర్యాద దక్కాలి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మన అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది. పిల్లలను ముందు అక్కడికి, తర్వాత హష్మత్‌పేటకు తీసుకెళ్లండి. దాతలు ఏడాదికి ఒక్క బస్సు ఖర్చు భరించినా ఒక తరగతి పిల్లలు ముడుమాల్ చూసి రాగలరు. చూసిన పిల్లవాడు రేపు ఆ రాయిని పగలనివ్వడు.