మగ్గాల నూగు, ఇంటి కంప్యూటరు

చాదర్లు, తువ్వాళ్లు నేసే సోలాపూరు వీధుల గాలిలో సన్నని నూగు ఎల్లవేళలా తేలియాడుతూ ఉంటుంది. బట్టల మీద పడితే దులుపుకొంటాము. కంప్యూటరు డబ్బాలోనికి చేరినది మాత్రం కంటబడదు. లోపలి ఫ్యాను గదిలోని గాలిని లాగి, ప్రాసెసరు మీది లోహపు రేకుల గుండా పంపి, వేడిని వెలుపలికి నెడుతుంది. గాలితో వచ్చిన పోగులు ఆ రేకుల సందులలో చిక్కి, ధూళితో కలిసి కంబళివలె పేరుకొంటాయి. కంబళి కప్పుకొన్నది చల్లబడదు గదా! ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొంటుంది. అప్పటికీ వేడి తగ్గకున్న యంత్రము ఉన్నట్టుండి ఆగిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊరిలో ఈ స్థితి త్వరగా వస్తుంది. “పాతబడింది, కొత్తది కొనవలె” అని చాలా ఇళ్లలో తీర్మానించేది అప్పుడే. కొనుటకు ముందు ఒకసారి మూత తీసి చూడండి.

మొదట పిల్లల చదువు పత్రాలను, ఇంటి లెక్కలను, ఫొటోలను మరొక డిస్కులోనికి ఎక్కించుకోవాలి. తరువాత యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటనును కొన్ని క్షణాలు నొక్కి పట్టాలి. డబ్బాను మగ్గాల గదికి దూరంగా, ఆరుబయటికి తెచ్చి, మెత్తని కుంచెతోను, చేతి బ్లోయరుతోను దులపాలి. ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవడం మరువరాదు. గాలి తాకిడికి మితిమీరి తిరిగితే బేరింగు చెడుతుంది. కార్ఖానాలో మగ్గాలను దులిపే కంప్రెసరు చేతికందుతుంది గనుక దానినే వాడాలనిపిస్తుంది. ఆ గాలిలో తేమ, నూనె తుంపరలు ఉండవచ్చు, ఒత్తిడియు అధికము. వద్దు.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను ఇంట్లో ఎవ్వరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లు ప్రాణాపాయకరమైన విద్యుత్తును కొంతసేపు నిలుపుకొంటాయి.

తెరను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు. ద్రవాన్ని తెరపై నేరుగా చల్లరాదు. కీబోర్డును బోర్లించి తట్టాలి. నేనొకసారి తడిగుడ్డతో తుడువగా “క” మీట పనిచేయలేదు. “కార్పొరేషన్” అన్న మాట వ్రాయలేక ఆ పూటంతా కూర్చున్నాను.

ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా బ్యాటరీ ఉబ్బినదేమోనని అనుమానించి, వెంటనే వాడకము, ఛార్జింగు ఆపి మరమ్మతుదారుకు చూపాలి. నొక్కరాదు, గుచ్చరాదు, చెత్తబండిలో అసలే వేయరాదు. బండిలో నలిగితే అది అంటుకొంటుంది. ఆ మంట పక్కన ఉండేది మన వీధి పారిశుద్ధ్య కార్మికుడే. పాత కంప్యూటర్లకు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. బ్యాటరీలకు వేరే నియమావళి ఉన్నది. రెండింటినీ నమోదైన రీసైక్లరుకే అప్పగించాలి. కంప్యూటరును అప్పగించేటప్పుడు అందులోని హార్డ్ డిస్కును తీసి దగ్గర ఉంచుకోవడము మేలు.