అడవి యుల్లి: గుర్తులు, అపాయము, నిర్మూలన విధానము

బీడు విఱిచి దున్నునపుడు నాగటిచాలున తెల్లని యుల్లివంటి గడ్డలు పైకి వచ్చుట మెట్టరైతులు ఎఱిగిన విషయమే. ఇవి అడవి యుల్లిగడ్డలు. కొందఱు నక్కయుల్లి యందురు. చూపునకు వంటయుల్లిని పోలినను ఇది విషము.

సామర్లకోటలో వృక్షపరిశోధన చేసిన రాక్సుబర్గు దొర దీనిని 'సిల్లా ఇండికా' యని వర్ణించెను. 1977వ సంవత్సరము నుండి శాస్త్రజ్ఞులు దీనిని 'డ్రిమియా ఇండికా' యని వ్యవహరించుచున్నారు.

గుర్తులు

ఇసుకనేలలయందును, ఱాతిగుట్టల యొద్దను ఇది పెరుగును. గడ్డ 2 మొదలు 4 అంగుళముల వఱకు ఉండును. ఎండకాలమున ఆకు లేకయే కాడ యొకటి నిటారుగా లేచును. దానిపై వెలిసిన రంగుగల చిన్నపూవులు ఎడమెడముగా పూచును. ఆకులు తరువాత, వానలు పడిన పిమ్మట వచ్చును.

వంటయుల్లి యాకు గొట్టమువలె బోలుగా నుండును. దీని యాకు బద్దవలె చదునుగా నుండును. వంటయుల్లి పూవులు కాడచివర బంతివలె గుమిగూడును. దీని పూవులు కాడపొడవునను ఉండును. గడ్డను కోసిన ఉల్లివాసన రాదు. రసము తగిలిన చర్మము దురదపెట్టును. సందేహము కలిగినచో వాసన చూడవలెను గాని, రుచి చూడరాదు.

అపాయము

ఇందలి విషము గుండెపై పనిచేయును. తిన్నవారికి వాంతులు, విరేచనములు కలిగి, నాడి మందగించి క్రమము తప్పును, ప్రాణాపాయమును కలుగవచ్చును. అట్టివారిని తక్షణమే వైద్యుని యొద్దకు చేర్పవలెను. చేదగుటచే పశువులు సాధారణముగా దీనిని ముట్టవు. అయినను మేత కొఱతపడినపుడు తొలకరి పచ్చదనమునకు ఆశపడి తినవచ్చును. తిన్న పశువును నీడన కదలక నిలుపవలెను. వేగముగా తోలినచో గుండె యాగును.

దగ్గుమందులలో ఈ జాతిగడ్డలు పూర్వమునుండి వాడుకలో ఉన్నవి. కాని మందు మోతాదునకును విషమోతాదునకును అంతరము స్వల్పము. కావున గృహవైద్యమున వాడరాదు.

నిర్మూలనము

ఎండకాలమున పూకాడ లేచినచోటెల్ల పుల్ల నాటి గుర్తుపెట్టి, గింజ రాలకమునుపే గునపముతో లోతుగా త్రవ్వి గడ్డను పూర్తిగా తీయవలెను. కాడను మాత్రమే త్రుంచిన గడ్డ నిలిచి మఱల మొలచును. తీసిన గడ్డలను గట్టుపై పాఱవేయక, పశువులకు, పిల్లలకు అందని చోట లోతుగా పూడ్చవలెను. కొత్తగా విఱిచిన బీడున ఉల్లి వేయదలచిన రైతు ఈ పని ముందుగా ముగించినచో, పంట త్రవ్వునాడు ఒక గడ్డయైనను వంటయింటికి పోవునను భయము ఉండదు.