గాడ్జిల్లా లోపల ఉన్న మనిషి

గాడ్జిల్లా పేరు విననివాళ్లు మన కాలేజీలో ఉండరేమో. కానీ ఆ రబ్బరు తోలు లోపల దూరి వరసగా 12 గాడ్జిల్లా సినిమాల్లో నటించిన మనిషి పేరు అడిగితే చాలామంది తడుముకుంటారు. ఆయన పేరు హరువో నకజిమా. ఆయన కెరీర్‌తో పాటు, ఆయన నడక వెనకున్న చిన్న ఫిజిక్స్ లెక్క కూడా ఇక్కడ చూద్దాం.

నకజిమా 1929 జనవరి 1న జపాన్‌లోని సకత అనే ఊళ్లో పుట్టారు. తోహో స్టూడియోలో చిన్న వేషాలు, స్టంట్లు చేసేవారు. కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్'లో బందిపోట్లలో ఒకడు ఆయనే. ఆ సినిమా వచ్చిన 1954లోనే మొదటి 'గాడ్జిల్లా' కూడా వచ్చింది.

1933 నాటి 'కింగ్ కాంగ్'లో బొమ్మని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫ్రేమ్ తీశారు. స్పెషల్ ఎఫెక్ట్స్ చూసిన ఎయిజీ త్సుబురాయాకి ఆ పద్ధతి చాలా ఇష్టం, కానీ అంత టైమ్ లేదు. అందుకే మనిషికి సూట్ తొడిగి, బుల్లి టోక్యో నగరం కట్టి, దాని మధ్యలో నడిపించారు. మొదట చేసిన సూట్ దాదాపు 100 కిలోలు. అందులో నాలుగడుగులు వేయడమే గగనం. తర్వాత కాస్త తేలికైనది చేశారు. బయటికి చూడ్డానికి మెడ దగ్గర చిన్న రంధ్రాలు, అంతే. పెద్ద జంతువు ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి నకజిమా ఉయెనో జూకి వెళ్లి ఏనుగుల్ని, ఎలుగుబంట్లని గమనించారు.

ఇక లెక్క. కథలో గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. సూట్ వేసుకున్న మనిషి 2 మీటర్లు అనుకుందాం. 50 మీటర్ల పైనుంచి రాయి పడటానికి సుమారు 3.2 సెకన్లు, 2 మీటర్ల నుంచి అయితే 0.64 సెకన్లు పడుతుంది. అంటే ఎత్తు 25 రెట్లు పెరిగితే టైమ్ దాని వర్గమూలం, అంటే 5 రెట్లు పెరుగుతుంది. బుల్లి బిల్డింగ్ నిజం బిల్డింగ్‌లా నెమ్మదిగా కూలాలంటే, మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు తీసే చోట 120 తీసి, 24 స్పీడ్‌లో చూపించాలి. అసలు చిక్కు ఇక్కడే. ఫ్రేములు పెరిగితే ఒక్కో ఫ్రేముకి అందే వెలుతురు తగ్గుతుంది, కాబట్టి లైట్లు పెంచాలి. లైట్లు పెరిగితే వేడి పెరుగుతుంది. ఆ వేడంతా భరించింది సూట్‌లో ఉన్న నకజిమానే. తెరమీద మనకి బరువుగా కనిపించే ప్రతి అడుగూ ఆయన చెమటతో వేసినదే.

గాడ్జిల్లా ఒక్కటే కాదు. 'రోడాన్' (1956)లో ఎగిరే రాక్షసి, 'వార్ ఆఫ్ ది గర్గాంటువాస్' (1966)లో ఆకుపచ్చ గైరా, 'కింగ్ కాంగ్ ఎస్కేప్స్' (1967)లో కాంగ్ కూడా ఆయనే. టీవీలో 'అల్ట్రామాన్' రాక్షసుల్లోనూ కొన్నిటికి ప్రాణం పోశారు. గైరాకి, గాడ్జిల్లాకి నడక ఒకటి కాదు. గైరా పరిగెత్తుతాడు, గాడ్జిల్లా అడుగులో అడుగు వేస్తూ వస్తుంది. ముఖం కనిపించని నటుడికి నడకే డైలాగు.

1972లో 'గాడ్జిల్లా వర్సెస్ గైగన్' తర్వాత ఆయన సూట్ వదిలేశారు. అప్పటికి జపాన్ సినిమా పరిశ్రమ బాగా దెబ్బతిని ఉంది. స్టూడియో ఆయన్ని తన బౌలింగ్ ఆలీలో పనికి పెట్టింది. టోక్యోని 18 ఏళ్లు తొక్కిన మనిషి అక్కడికి ఆడుకోడానికి వచ్చినవాళ్లకి మామూలు ఉద్యోగిలాగే కనిపించి ఉంటారు. చాలా ఏళ్ల తర్వాత విదేశాల అభిమానులు ఆయన్ని పిలిపించి సన్మానించారు. 2017 ఆగస్టు 7న, 88వ ఏట కన్నుమూశారు.

ఇప్పుడంతా కంప్యూటర్ గ్రాఫిక్సే కదా, మనిషితో పనేంటి అనొచ్చు. 2016 'షిన్ గాడ్జిల్లా'లో రాక్షసి గ్రాఫిక్సే, కానీ దాని కదలికని మోషన్ కాప్చర్‌తో మాన్సాయ్ నొమురా అనే సంప్రదాయ క్యోగెన్ రంగస్థల నటుడి నుంచి తీసుకున్నారు. సూట్ పోయింది, మనిషి పోలేదు. గ్రాఫిక్స్‌లోకి వెళ్దామనుకునే మన బ్రాంచ్ వాళ్లు 1954 సినిమా ఒకసారి చూడండి. చూసేటప్పుడు తల వైపు కాదు, పాదాల వైపు చూడండి.