డిజైనర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం రాసుకుందాం

ఈ వీడియో చూసే ముందు ఒక తెల్ల కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

దేశీ బియ్యం, పసుపు, బెల్లం, గానుగ నూనె సొంతంగా ప్యాక్ చేసి అమ్ముకునే రైతులు మనలో చాలామంది ఉన్నారు. లోగో, లేబుల్ కోసం డిజైనర్ దగ్గరికి వెళ్తే ఆయన ముందుగా అడిగేది "మీకేం కావాలి?" అని. "మంచిగా, నేచురల్‌గా కనపడాలండీ" అంటాం మనం. అంతే, ఆయన ఒక పచ్చని ఆకు, ఒక ఆవు, వెనకాల సూర్యుడు పెట్టి ఇచ్చేస్తాడు. పక్క ఊరి రైతు ప్యాకెట్ మీద కూడా అవే ఉంటాయి. తప్పు ఆయనది కాదు. ఆయనకు బొమ్మ వేయడం తెలుసు, మన పొలం సంగతి తెలియదు. అది చెప్పాల్సింది మనమే.

అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక రైతు రెండెకరాల్లో చిట్టిముత్యాలు వేశాడు. ఘనజీవామృతం, జీవామృతంతోనే పండించాడు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు వాట్సాప్ ద్వారా అమ్ముతున్నాడు. ఆయన కాగితం మీద ఏమేం రాసుకోవాలో చూద్దాం.

1. ఎవరు కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు?

ఇప్పటికే కొన్నవాళ్లలో పదిమందికి ఫోన్ చేయండి. "మా బియ్యం మళ్లీ ఎందుకు తీసుకున్నారు? పక్కవాళ్లకు ఏమని చెప్తారు?" అని అడగండి. వాళ్లు చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకోండి. కొందరు వాసన అంటారు, కొందరు పండించిన మనిషి తెలుసు కాబట్టి అంటారు. నలుగురైదుగురు ఒకే మాట అన్నారంటే మన బలం అక్కడే ఉందన్నమాట.

2. మనం నిలబెట్టుకోగలిగే ఒక్క మాట

లేబుల్ మీద పది గొప్పలు రాస్తే ఒక్కటీ గుర్తుండదు. ఒకటే ఎంచుకోండి, అది అడిగినవాళ్లకు చూపించగలిగేదై ఉండాలి. తక్కువ పాలిష్ బియ్యంలో తవుడు ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది. అందుకే ఎక్కువ రోజులు నిల్వ ఉంటే ముక్కవాసన వస్తుంది, పురుగు కూడా త్వరగా పడుతుంది. మన రైతు ధాన్యంగానే నిల్వ చేసి, ఆర్డర్ వచ్చాకే మర పట్టిస్తున్నాడు అనుకోండి. "ఆర్డర్ వచ్చాకే మర పట్టిన బియ్యం" అనేదే ఆయన మాట. ఇది చెప్తే డిజైనర్‌కు పని తేలికవుతుంది. మర పట్టిన తేదీని ప్యాకెట్ ముందువైపే పెద్దగా పెడతాడు. ఆవు బొమ్మ కంటే ఆ తేదీకే కొనేవాళ్ల నమ్మకం ఎక్కువ.

"షుగర్ తగ్గుతుంది", "క్యాన్సర్ రాదు" లాంటి మాటలు మాత్రం వద్దు. ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందని లేబుల్ మీద రాయడాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు ఒప్పుకోవు.

3. పేరు

మూడు నాలుగు పేర్లు రాసుకుని, ఒక్కోదాన్ని ఫోన్‌లో తెలియనివాళ్లకు చెప్పి చూడండి. ఒక్కసారి వినగానే సరిగ్గా రాయగలిగితే అది మంచి పేరు. ఇంగ్లీష్ అక్షరాల్లో ఎలా రాయాలో కూడా ఇప్పుడే ఖాయం చేసుకోండి. ప్యాకెట్ మీద ఒకలా, యూట్యూబ్‌లో ఇంకోలా ఉంటే వెతికినవాళ్లకు దొరకం.

తర్వాత ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఎవరైనా తీసుకున్నారేమో వెతకండి, ఉచితమే. బియ్యం, పసుపు 30వ తరగతిలోకి, వంటనూనెలు 29వ తరగతిలోకి వస్తాయి. "స్వచ్ఛమైన బియ్యం" లాంటి, సరుకును వర్ణించే పేరుకు రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. తాండూరు కంది, బనగానపల్లె మామిడి లాంటి వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేర్లను మన బ్రాండ్‌గా చేసుకోకూడదు.

4. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు

ఇవి ముందే ఇవ్వకపోతే అందమైన డిజైన్ అయ్యాక చోటు చాలదు. సరుకు పేరు, నికర బరువు, ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, ప్యాక్ చేసిన తేదీ, ఎంతకాలంలోపు వాడాలో, బ్యాచ్ నంబర్, అన్ని పన్నులతో కలిపి గరిష్ట ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబర్, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్. మీ సరుకును బట్టి ఇంకా ఏమైనా కావాలేమో ఆహార భద్రతా అధికారిని అడగండి.

సర్టిఫికెట్ లేకుండా ఆర్గానిక్ గుర్తు పెట్టకూడదు. పీజీఎస్‌లో ఇంకా మార్పిడి దశలో ఉన్నవాళ్లకు వచ్చేది పీజీఎస్ గ్రీన్, పూర్తయ్యాకే పీజీఎస్ ఆర్గానిక్. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఒక్కసారి అబద్ధం బయటపడితే పోయేది మన ఒక్కరి పేరే కాదు, ప్రకృతి వ్యవసాయం చేసే అందరినీ అనుమానిస్తారు.

5. సైజు, ప్రింటింగ్

కేజీనా, ఐదు కేజీలా, వాక్యూమ్ ప్యాకా, గుడ్డ సంచా అనేది తేల్చుకున్నాకే డిజైన్ చేయించండి. రంగుల ప్రింట్ పౌచ్‌లు వేలల్లో తీసుకుంటేనే గిట్టుబాటు. మొదటి పంటకు సాదా పౌచ్ మీద స్టిక్కర్ చాలు. ధర, తేదీ, బ్యాచ్ నంబర్ ప్రింట్‌లో కలపొద్దు, స్టాంపు వేయడానికి ఖాళీ వదలమనండి. వచ్చే ఏడాది ధర మారితే పాత స్టిక్కర్లు పారేయాల్సిన పని ఉండదు.

6. డిజైనర్‌తో మాట

ఎన్ని నమూనాలు ఇస్తారు, ఎన్నిసార్లు మారుస్తారు, ఎన్ని రోజులు, మొత్తం ఎంత అనేవి ముందే మాట్లాడుకోండి. ఫోన్‌లో చూసుకునే బొమ్మ ఒక్కటే తీసుకుంటే ప్రింటింగ్‌లో మసకబారుతుంది. ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ ఫైల్ కూడా ఇమ్మనండి. తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే వత్తులు, గుణింతాలు చెదిరిపోతుంటాయి, అందుకే వాటిని అవుట్‌లైన్‌గా మార్చి ఇవ్వమనండి. లోగో మీద హక్కులన్నీ మనవేనని ఒక కాగితం మీద సంతకం తీసుకోండి.

ఇప్పుడు మీ కాగితం చూసుకోండి. కొనేవాళ్ల మాటలు, మన ఒక్క మాట, పేరు, తప్పనిసరి వివరాలు, సైజు, ఖర్చు. దాంతోపాటు మీ పొలం, ధాన్యం, మర పట్టే చోటు ఫోటోలు నాలుగు పెట్టండి. నచ్చిన ప్యాకెట్లు రెండు, నచ్చనివి రెండు కూడా తీసుకెళ్లి, ఎందుకో చెప్పండి.

విత్తనం వేసే ముందు దుక్కి దున్నుతాం కదా, ఇదీ అంతే. మీరు నిలబెట్టుకోగలిగే ఆ ఒక్క మాట ఏంటో కింద కామెంట్‌లో రాయండి. వేరే రైతులకు కూడా ఉపయోగపడుతుంది.