పరాయి దేశంలో పగలంతా ఒంటరిగా...

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లె. వయసు 71. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను. ఏడాదిగా అమెరికాలో, డాలస్ దగ్గర అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. పగలంతా ఒక్కణ్నే. ఏమీ తోచదు, రాత్రి నిద్ర పట్టదు. ఏం చేయాలి?

జవాబు: మాస్టారూ, ఇది మీ లోపం కాదు. ఊళ్లో గుడి, రచ్చబండ, శిష్యుల పలకరింపు రోజూ ఉండేవి. ఇప్పుడున్న చోట కారు లేనిదే ఎక్కడికీ వెళ్లలేరు. పనిలేక పగలు కునుకు పెరిగితే రాత్రి నిద్ర పట్టదు.

పొద్దున్నే అరగంట ఆరుబయట నడవండి. పగటి నిద్ర తగ్గించండి. వారానికి రెండు రోజులు గుడికో, లైబ్రరీకో, సీనియర్ సెంటర్‌కో తీసుకెళ్లమని అబ్బాయిని అడగండి. అది మొహమాటపడాల్సిన విషయం కాదు. డాలస్‌లో టాంటెక్స్ (ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం) వాళ్ల ‘నెల నెలా తెలుగు వెన్నెల’ సాహిత్య సభకు వెళ్లండి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో పిల్లలకు తెలుగు నేర్పేది వాలంటీర్లే. మీ అనుభవం వాళ్లకు అవసరం, వెళ్లి అడగండి.

దిగులు, నిద్రలేమి, ఆకలి మందగించడం రెండు వారాలు దాటితే డాక్టర్‌ను కలవండి. తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి. బతకాలనిపించకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా అబ్బాయికి చెప్పండి, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.