పందికొక్కు నుండి బాండికూట్ వరకు

రైలు, స్కూలు, బల్బు వంటి మాటలు ఆంగ్లం నుండి మనకు వచ్చినవని అందరం ఎరుగుదుము. తెలుగు నుండి ఆంగ్లానికి వెళ్ళిన మాట ఏదైనా ఉన్నదా అని అడిగితే మాత్రం తడబడుతాము. అట్టి మాట ఒకటి మన వరిచేల గట్లలోనే ఉన్నది. ఆంగ్లేయులు 'బాండికూట్' అనేది మన పందికొక్కునే.

'కొక్కు' అనగా ఎలుక జాతి జంతువు. పందివలె గుర్రుమనే ఎలుక పందికొక్కు. కొల్లేటి లంకలలోను, తాడేపల్లిగూడెం పరిసరాలలోను వరి పండించే రైతుకు దీనిని పరిచయం చేయనక్కరలేదు. ఇది గట్లకు బొరియలు వేసి నీటిని పోగొడుతుంది. వరి వెన్నులను కొరికి కలుగులో దాచుకొంటుంది. ఆ కలుగులను తవ్వి గింజలు ఏరుకొని కడుపు నింపుకొన్న పేదలూ ఉన్నారు.

18వ శతాబ్దపు చివరినాటికి ఈ మాట ఆంగ్లంలో చేరినది. మన 'ప'కారం వారి నోట 'బ'కారమైనది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అను శాస్త్రజ్ఞుడు ఈ జంతువుల ప్రజాతికి 'బాండికోటా' అని నామకరణం చేసెను. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు దీని మూలం తెలుగేనని తెలిపినది.

ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఆంగ్లేయులు అక్కడి వేరొక జంతువుకూ ఈ పేరే పెట్టిరి. అది పిల్లలను సంచిలో పెంచే జంతువు. ఎలుకలతో దానికి చుట్టరికం లేదు. కావున పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదని విద్యార్థులు గుర్తించాలి. ఆ దేశంలో ఈ మాట క్రియగా కూడా మారినది. ఆకులు కదలకుండా నేలలోని బంగాళాదుంపలను దొంగిలించుట దాని అర్థం.

మనమూ ఉమ్మడి సొమ్ము తినేవానిని పందికొక్కు అంటాము. ఉర్దూలో పందికొక్కును 'ఘూస్' అంటారు. లంచానికీ అదే పలుకు ఉన్నది. కనపడకుండా తినుటను మూడు భాషలవారూ ఒకే విధంగా నిందించుట గమనింపదగినది.

ఈ మాటను ఆంగ్లానికి ఇచ్చినది పండితులు కారు; చేలగట్లపై నిలిచిన సామాన్యులు. ఇంటి భాషను తలచి ఆంగ్ల తరగతిలో తల వంచుకొనే విద్యార్థి ఈ సంగతి మరువరాదు. పరభాషను శ్రద్ధగా నేర్చుకొందాం. అయితే అప్పు పుచ్చుకొనేవారిగా మాత్రమే కాదు, ఇచ్చినవారిగా కూడా నేర్చుకొందాం.