రిస్పా కాపలా, సమాధి లేని వైమానికుడు

పాఠము: 2 సమూయేలు 21:8–14, కీర్తన 139:7–12



కల్లములో మిరపకాయలు ఆరబోసిన దినములలో రాత్రి కాపలా యెట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మబ్బు పట్టెనేని ఇంటిల్లిపాది లేచి పట్టాలు కప్పవలసినదే. అయినను అది కొన్ని దినముల పని. సౌలు ఉపపత్నియైన రిస్పా యవలకోత మొదలుకొని వాన కురియువరకు బండమీద గోనెపట్ట పరచుకొని కూర్చుండెను. ఆమె కాచినది పంటను కాదు. తన కుమారులిద్దరి శవములను, వారితోకూడ చంపబడిన మరి ఐదుగురి శవములను కాచెను. పగలు పక్షులను, రాత్రి మృగములను తోలెను. ఒక్క మాటయైనను ఆమె పలికినట్లు వ్రాయబడలేదు. ఆమె చేసినది విని దావీదు రాజు కదలి, ఎముకలను సమకూర్చి పాతిపెట్టించెను.

కాచుటకు శవమైనను లేని తల్లి యేమి చేయవలెను?

రెండవ ప్రపంచ యుద్ధములో బ్రిటిషు వైమానిక సైన్యమునందు 152వ దళమునకు హైదరాబాదు దళమని పేరు. నైజాము ప్రభువు ఇచ్చిన విరాళమును బట్టి ఆ పేరు వచ్చెను. దాని చిహ్నము నైజాము తలపాగాయే. ఆ ధనము వెనుక పొలములో నాగలి పట్టిన రైతు కట్టిన శిస్తు కూడ ఉండెనని నేను తలంతును. తన రూపాయి ఎక్కడ ఎగురుచున్నదో అతడెరుగడు.

ఆ దళములో డగ్లస్ షెప్లీ అను యువకుడు స్పిట్‌ఫైర్ విమానము నడిపెడివాడు. ఊరు ఇంగ్లండులోని డెర్బీషైర్. వయస్సు 22. పెండ్లియై కొన్ని వారములే గడచినవి. 1940 ఆగస్టు 12న జర్మను విమానములు ఇంగ్లండు దక్షిణ తీరముమీదికి రాగా ఎదుర్కొనబోయి, వైట్ ద్వీపమునకు దక్షిణముగా సముద్రములో పడెను. దేహము దొరకలేదు. ఆ దినమే అదే దళములోని వితాల్ అను మరియొక అధికారియు తిరిగి రాలేదు. ఎదుటి విమానములలో నున్నవారును తల్లులు కన్న బిడ్డలేయని మరువకూడదు.

ఆ ఇంట ఇది మొదటి దుఃఖము కాదు. 1939 అక్టోబరులో అతని అక్కచెల్లెండ్రలో ఒకరు ఓడ మునకలో పోయెను. 1940లో సహోదరుడు రెక్స్ డన్‌కిర్క్ దగ్గర విమానములో హతుడాయెను. ఏడాది తిరుగక మునుపే ముగ్గురు! యోబు గ్రంథము మొదటి అధ్యాయమును మనము త్వరత్వరగా చదివి దాటిపోదుము. అటువంటి ఇంట రాత్రి దీపము పెట్టువారికి అది అంత త్వరగా దాటునది కాదు.

ఆ తల్లియు, యౌవనమందే విధవరాలైన కోడలును చందాలు పోగుచేసిరి. 5,700 పౌండ్లు సమకూడెను. దానితో ఒక స్పిట్‌ఫైర్ కొని, షెప్లీ అను పేరు పెట్టి, సైన్యమునకిచ్చిరి. 1942 మార్చి 28న ఆ విమానమును నడుపుచు విక్టర్ బీమిష్ అను ప్రసిద్ధ వైమానికుడు ఇంగ్లీషు కాలువ మీద కనబడకపోయెను. అతని దేహమును దొరకలేదు. (తరువాతి కాలమున ఆ ప్రాంతపు పానశాల యొకటి షెప్లీ స్పిట్‌ఫైర్ అను పేరు పెట్టుకొనెను. మన పెద్దలకు ఇది రుచింపదు గాని, పేరు మాత్రము నిలిచినది.)

నేను ఆ తల్లిని తప్పుపట్టలేను. చేతులు ముడుచుకొని కూర్చుండలేని దుఃఖము కలదు. అయినను రిస్పా గోనెపట్ట వేరు. అది ఎవరి బిడ్డను తీసికొనలేదు, శత్రువుకైనను హాని చేయలేదు. అయినను రాజును కదలించినది.

లండనుకు పడమట రన్నీమీడు అను చోట, ఎరిగిన సమాధి లేని వైమానికుల పేర్లు ఇరువది వేలకు పైగా రాతిమీద చెక్కబడి యున్నవి. 1953లో దానిని ప్రతిష్ఠించిరి. షెప్లీ పేరును, బీమిష్ పేరును అక్కడనే ఉన్నవి. వేకువ రెక్కలు కట్టుకొని సముద్రపు అంచుకు పోయినను దేవుని చేయి అక్కడను పట్టుకొనునని 139వ కీర్తన చెప్పుచున్నది. రెక్కలతో ఎగిరి సముద్రములో పడినవాని తల్లి ఈ మాటను మనవలె చదువదు.

ఇది దూరదేశపు సంగతి కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మన రేపల్లె, నిజాంపట్నము తీరమునను, దివిసీమలోను కొట్టుకొనిపోయిన అనేకుల దేహములు ఇండ్లవారికి దొరకలేదు. సమాధుల పండుగనాడు మనము సున్నము వేసి, పూలు పెట్టి, క్రొవ్వొత్తులు వెలిగింతుము. సమాధి లేనివారి తల్లి ఆ దినమున ఎక్కడ నిలువవలెను? గేటు దగ్గర నిలిచి, చూచి, వెళ్లిపోవును. ఈ యేడు సంఘపెద్దలు ముందుగా ఇల్లిల్లు తిరిగి, సముద్రములోను, యుద్ధములోను, వలసపోయిన చోటను పోయి తిరిగిరాని వారి పేర్లు అడిగి సంఘపు పుస్తకములో వ్రాసికొనుడి. ప్రార్థనలో మొదట ఆ పేర్లే చదువుడి. చదువునప్పుడు వారి తల్లులను ముందువరుసలో చాపమీద కూర్చుండబెట్టుడి.